రెండు చేదులు

తడి అంచు రెండు వేళ్ళ మందం దాటింది. గాజు తొట్టెకి మూత బిగించి, ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని చూస్తున్నాను, నేను చూస్తూ ఉంటే తొందరగా ఎక్కుతుందన్నట్టు. తొట్టెలో నిలబెట్టిన గాజుపలక, దాని మీద నేనే పూసి ఎండబెట్టిన తెల్లటి సిలికా పూత, అడుగున పలచగా పోసిన క్లోరోఫారం. అది పూతలోకి ఇంకి పైకి పాకాలి, పైన అంగుళం ఉందనగా ఆపాలి. గంట పడుతుంది. ముసురు పట్టి గది చల్లబడింది కనక ఇంకా ఎక్కువే పట్టచ్చు. టైము రెండుంపావు. నర్సింగ్ హోం ఇక్కడికి కిలోమీటరు కూడా ఉండదు, రాజోలు సెంటర్లోనే. అక్కడ మంచం మీద సత్యనారాయణమ్మ పడుకుని ఉంది, ఆవిడ గుండె నిమిషానికి నలభై నాలుగు సార్లు కొట్టుకుంటోంది, ఇక్కడ నా గుండెకి లెక్కే లేదు.

పలక అడుగున పెన్సిలు గీత, గీత మీద మూడు చుక్కలు. ఎడంపక్కది నేల ఉసిరి సారం. కుడిపక్కది పచ్చగన్నేరు గింజ, ఇందాక గొడుగైనా లేకుండా వానలో పరిగెత్తి, ప్రహరీ పక్క కంచెలోంచి కాయ కోసుకొచ్చి, నూరి, స్పిరిట్లో కలిపి పెట్టినది. నడుమది సత్యనారాయణమ్మ తాగిన సీసాలో అడుగున మిగిలిన నాలుగు బొట్లు. ఆకులోనో గింజలోనో ఉన్న పదార్థాలన్నీ మొదట ఒకే చుక్కలో కలిసి ఉంటాయి, ద్రావకం ఎక్కుతుంటే ఒక్కొక్కటీ తన తాహతు కొద్దీ దానితో నడిచి తన చోట ఆగిపోతుంది. పదిహేనేళ్ళుగా పిల్లలకి ఇదే చెబుతున్నాను, ఏది ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుందమ్మా, మనం బతిమాలితే జరగదు, ఏడిస్తే జరగదు. నడుమ చుక్కలోంచి గన్నేరు లేవకూడదు. ప్రభువా, లేవకూడదు.

ఒంటిగంటన్నరకి ధర్మరాజు వచ్చాడు, సత్యనారాయణమ్మ భర్త, తోటల్లో కొబ్బరి దింపులకి వెళ్ళే మనిషి. తలమీద గోనెపట్టా, చేతిలో ఖాళీ గోధుమరంగు సీసా. గుమ్మం బయటే నిలబడి, "మందైపోయిందండి మేడంగారూ, ఇంకో సీసా ఇప్పిస్తారేమోనని వచ్చేను" అన్నాడు. ఆవిడ ఎలా ఉన్నారని అడిగాను. "తెల్లారగట్ల నుంచీ ఒకటే వాంతులండి. మాణిక్యాలరావు డాక్టరుగారి దగ్గర జేర్పించేను. నాడి నలభై నాలుగే ఉందని ఆయన తెగ కంగారుపడతన్నారండి. కామెర్లలో నాడి నెమ్మదిస్తది గానీ మరీ ఇంత కాదంటన్నారు." ఇంకేమైనా అంటోందా అన్నాను, ఎందుకడిగానో నాకే తెలీదు. "సున్నవేసిన గోడలు పసుపు పూసినట్టున్నాయంటందండి. నా పంచె కూడా పచ్చగా ఉందంట. మరి కామెర్లోళ్ళకి లోకవంతా పచ్చగానే కదండీ కనపడతది" అని చిన్నగా నవ్వాడు కూడా. వెళ్ళబోతూ గొంతు తగ్గించి, "ఏం మందు తాగిందని డాక్టరుగారు అడిగేరండి. ఏవీ తాగలేదని చెప్పేను. మీ పేరు బైటికి తెస్తానేంటండీ" అన్నాడు. నేను సీసా అందుకున్నాను. మీరు వెళ్ళండి, నేను వస్తాను అన్నాను. అదొక్కటే అన్నాను.

లోకమంతా పచ్చగానే కదండీ. సామెత అబద్ధం, అది అబద్ధమని ఈ ఊళ్ళో ఎవరికి తెలిసినా తెలియకపోయినా నాకు తెలుసు, నాన్న మంచం పక్కన పదకొండు రోజులు కూర్చున్నదాన్ని. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, దేవసహాయం మాస్టారంటే గోదావరి అవతలి ఒడ్డున కూడా తెలుసు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు కామెర్లతో పోయాడు. కళ్ళు పండిన నిమ్మకాయల్లా ఉండేవి. ఆదివారం గుడికి వెళ్ళలేకపోయినా చొక్కా మార్చమనేవాడు, అమ్మ ఉతికిన తెల్లచొక్కా తొడుగుతుంటే చెయ్యి పైకెత్తి చూసుకుని, "నీలిమందు ఎక్కువైందే" అన్నాడు. అంత పచ్చటి కళ్ళతో ఆ కాస్త నీలం చూడగలిగాడు. కామెర్లలో మనిషి పచ్చగా కనబడతాడు, మనిషికి లోకం పచ్చగా కనబడదు. తెల్లగోడ పసుపుగా కనబడేది వేరే దేనివల్లో. పోయినేడాది సుప్రియ అని మూడో సంవత్సరం పిల్ల పచ్చగన్నేరు గింజల మీద ప్రాజెక్టు చేస్తానంటే లైబ్రరీ పుస్తకం తిరగేసి ఇచ్చాను, గుండె నెమ్మదించుట, వాంతులు, వస్తువులు పసుపుపచ్చగా కనిపించుట, ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి పిల్లకి చూపించింది నేనే.

సగం కూడా ఎక్కలేదు. తొట్టెని కదపకూడదు, కదిపితే అంచు వంకరపోతుంది. గది అవతలి చివర టప్, టప్ అని చప్పుడు, అది నా కాలమ్, స్టాండుకి బిగించిన నిలువెత్తు గాజు గొట్టం. దాన్నిండా సిలికా, పైనుంచి పోసే ద్రావకం హెక్సేను, కిందనుంచి ఒక్కొక్క చుక్కా. నేల ఉసిరిలో ఉన్న రెండు పదార్థాలని విడదియ్యడానికి ఆరేళ్ళుగా అవస్థ పడుతున్నాను. ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్, పేర్లలోనే కవలలు, ఒకటి దిగుతుంటే రెండోది దాని మడమ తొక్కుతూ దిగుతుంది. విశాఖలో మా గైడుగారు, అవి విడిపోవమ్మా జీవరత్నం, ఇంకేదైనా చూసుకో అన్నారు రెండుసార్లు. నేను చూసుకోలేదు. నాన్న ఆఖరి రోజున మా మేనమామ ఎవరినో తీసుకొచ్చాడు, వాతలు పెట్టే మనిషిని. ఊరందరి పిల్లలకీ సైన్సు చెప్పిన నాన్న, వాత పెడితే కామెర్లు తగ్గవురా అని బోర్డు మీద కాలేయం బొమ్మ వేసి చెప్పిన నాన్న, మాట్లాడకుండా మణికట్టు చాచాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. ఆ తర్వాత పసరు పోశారు, నేల ఉసిరే, అమ్మ నూరింది. ఆ ఆకు నిజంగా పనిచేస్తుందా, చేస్తే దేనివల్ల, అది తేల్చేదాకా వదలనని పంతొమ్మిదేళ్ళ పిల్ల అనుకుంది, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి ఇంకా అదే పట్టుకు కూచుంది. ఇవాళ ఉదయం మొదటిసారి కవలల్లో ఒకటి ఒంటరిగా దిగడం మొదలెట్టింది. పదిన్నరకి. ఎవరికి చెబుదామా అని చూశాను, సత్యనారాయణమ్మకి చెబుదామనుకున్నాను, ఆవిడ పనిలోకి రాలేదన్నారు.

ఆవిడ కాలేజీలో స్వీపరు. ఆకు తెచ్చేది ఆవిడే. మొదటి ఏడాది నేను పుస్తకం పట్టుకుని చేలగట్ల మీద తిరుగుతూ, పక్కపక్కనే ఒకేలా ఉన్న రెండు మొక్కల్లో ఏది నేల ఉసిరో తేల్చుకోలేక నిలబడితే, ఆవిడ వెనకనుంచి వచ్చి రెమ్మ తిప్పి చూసి, "ఇది కాదండి, ఇదండీ" అని చేతిలో పెట్టింది. అప్పట్నించీ వర్షాకాలం వస్తే గోనెసంచి నిండా అదే తెస్తుంది, వేళ్ళు కడిగి, నీడన ఆరబెట్టి. నా థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో ఆవిడ పేరు రాయాలని ఉంది, ఉండేది. సోమవారం ఆవిడ కళ్ళలో పసుపు చూసి నేనే అడిగాను. "ఆయ్, నాలుగ్రోజులైందండి. ఆకు నూరుకుందునండి, ఓపిక లేదు. మీరు తీసిన సారం ఉంది కదండీ, కాసింత ఇప్పించండి" అంది. డాక్టరు దగ్గరికి వెళ్ళండి అనాలి. మనుషులకి ఇవ్వడానికి చేసింది కాదండీ ఇది అనాలి. ఆ రెండు మాటలూ నోటిదాకా రానేలేదు, ఎందుకంటే సంతోషం వేసింది నాకు. ఆరేళ్ళలో నా పనిని నమ్మి చెయ్యి చాచిన మొదటి మనిషి. సారం నీళ్ళలో తేనె వేసి కలిపి, సీసాలో పోసి, రోజుకి రెండు చెంచాలు అని చెప్పి, ఇంకా ఏం చెప్పాను, బాగా ఊపి తాగండి, అడుగుది చిక్కగా ఉంటుంది, అదే అసలు మందు, పారబొయ్యకండి అన్నాను. అన్నాను. ఇవాళ గురువారం. ఆవిడ అడుగుది తాగి ఉంటుంది.

ఆ సీసా. ఏప్రిల్లో పరీక్షలైపోయాక కుళాయి కింద రెండు సీసాలు పెట్టుకున్నాను, రెండూ గోధుమరంగువే, రెండూ అర లీటరువే. ఒకటి మామూలుది. రెండోదాంట్లో సుప్రియ గన్నేరు సారం పోసి ఉంచింది, అడుగున జిగురులా కట్టింది, నీళ్ళకి కదల్లేదు, స్పిరిట్ పోసి ఊపాను, కొంచెం కదిలింది. ఇంకో రెండుసార్లు ఊపాలి. అమలాపురం బస్సుకి టైమైంది, కరెంటు లేదు, చెమటలు, మళ్ళీ వచ్చాక కడుగుదాం అనుకున్నాను. అనుకుని దాన్ని ఎక్కడ పెట్టాను? పక్కన పెట్టానా, బోర్లించానా? జూన్లో తలుపు తీసేసరికి రెండు సీసాలూ స్టాండు మీద బోర్లించి, పొడిగా, తళతళా ఉన్నాయి. ఒకటి ఆగస్టు దాకా అలాగే ఉంది, దాంట్లోనే పోసి ఇచ్చాను. రెండోదాంట్లో జూన్‌లోనే ఏదో యాసిడ్ పోశాను, దాన్నిప్పుడు చూసి లాభం లేదు. బోర్లించే చెయ్యి నాదే, కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యి కనబడుతుంది, ఏ సీసాని బోర్లిస్తోందో కనబడదు. ఒకసారి ఎడమది, ఒకసారి కుడిది. రెంటికి ఒకటి. ధర్మరాజు అన్న గోడల మాట లేకపోతే రెంటికి ఒకటి. గోడల మాట ఉంది.

మరి గోడల మాట వినగానే ఫోను ఎందుకు చెయ్యలేదు?

తడి అంచు సగం దాటింది. రెండు నలభై. ఈ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు, వచ్చి నా ఎదురుగా కూచుంది. అనుమానం ఉందని చెప్పడానికి పలక అక్కర్లేదు. డాక్టరుకి అనుమానం చాలు, గన్నేరు అన్న ఒక్క మాట చాలు, ఆయన చేసేది ఆయన చేస్తాడు. ఈ పరీక్ష ఆవిడ కోసం కాదు. ఇది నాకోసం. పలక మీద ఏమీ లేవకపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ధర్మరాజు నోరెత్తడు, ఆవిడ నోరెత్తదు, పసరు తాగి ఉంటుంది పాపం అని ఊరు అనుకుంటుంది. అంటే ఈ స్టూలు మీద కూచుని నేను గంట గడువు అడుగుతున్నది ఆవిడ గుండెనా? నలభై నాలుగు, ఇప్పుడెంతో. నలభయ్యా. మొట్టమొదట నాకేం గుర్తొచ్చింది, ధర్మరాజు మెట్లు దిగుతుంటే? పేపర్లో జిల్లా పేజీ గుర్తొచ్చింది. లెక్చరరు ఇచ్చిన నాటుమందు. అమ్మ గుడిలో ఆడవాళ్ళ మధ్య ఎలా కూచుంటుందోనని గుర్తొచ్చింది. సత్యనారాయణమ్మ మొహం ఆ తర్వాత వచ్చింది. భయానికి వరసుంటుందని, ఆ వరసలో ముందు నిలబడేది నేనేనని, ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాక తెలిసింది. బల్ల అంచు పట్టుకుని లేచాను.

ఫోను ప్రిన్సిపాల్ గదిలో ఉంది, రెండు వరండాలు దాటాలి. జల్లు లోపలికి కొడుతోంది, చెప్పులు జారుతున్నాయి. ఆనందరావుగారు ఏదో ఫైలు చూస్తూ, ఫోనంటే కానివ్వండన్నట్టు చెయ్యి చూపించారు. నెంబరు రెండుసార్లు తప్పు తిప్పాను. నర్సు ఎత్తింది, డాక్టరుగారిని పిలవడానికి వెళ్ళింది, ఆ నిమిషంలో పెట్టెయ్యచ్చు, చెయ్యి పెట్టెయ్యమంటోంది.

"డాక్టరుగారూ, నేను కాలేజీలో కెమిస్ట్రీ జీవరత్నాన్నండి. సత్యనారాయణమ్మగారికి మందు నేనిచ్చాను. నేల ఉసిరి సారం. కానీ ఆ సీసాలో అంతకుముందు పచ్చగన్నేరు ఉండేది. సరిగ్గా కడిగానో లేదో నాకు తెలీదు."

"ఖాయమాండీ?"

"కాదండి. అనుమానం. పరీక్ష పెట్టాను, ఇంకో అరగంటలో తేలుతుంది."

"పెట్టి ఎంతసేపైంది?"

"అరగంట."

ఆయన ఒక్క తిట్టు తిడితే బావుండేది. "ఆవిడని ఇక్కడ ఉంచకూడదు. ఇంజెక్షన్ చేసి కాకినాడ పెద్దాసుపత్రికి పంపుతాను. కారు మాట్లాడాలి. మీరు కూడా వెళ్ళండి, అక్కడ అడుగుతారు" అని పెట్టేశారు.

ఆనందరావుగారి చేతిలో ఫైలు అలాగే ఉంది. "అనుమానవేనన్నారు కదండీ జీవరత్నంగారూ. అదేదో తేలేదాకా ఆగకపోయేరా? కాలేజీ పేరు కూడా ఉంది కదండీ ఇందులో."

"ఆగానండి" అన్నాను. "అరగంట ఆగాను."

తిరిగి వచ్చేసరికి గది వాసన మారింది. కాలమ్ కింద పెట్టిన ఫ్లాస్కు నిండి పొర్లి, బల్లమీదనుంచి గచ్చుమీదకి కారుతోంది. పదిన్నర నుంచి ఒంటరిగా దిగుతున్న కవలల్లో ఒకటి గచ్చుమీద పలచగా పరుచుకుని ఆరిపోతోంది. గొట్టం అడుగు కుళాయి తిప్పి ఆపుదామా అనిపించింది, అనిపించినంతసేపు కూడా ఆగకుండా దాన్ని దాటి వెళ్ళాను. మూడు దాటింది. కారు వచ్చేలోగా పలక ఆరాలి. ఇంకాస్త ఎక్కాల్సి ఉన్నా తీసేశాను, పాత రికార్డు అట్టతో విసిరాను. పిక్రిక్ ఆసిడ్ పచ్చటి నీళ్ళలో కాస్టిక్ సోడా కలిపి పిచికారీ కొట్టాను, గన్నేరు విషం ఉన్నచోట అది నారింజరంగు తేలుస్తుంది. పలకంతా నిమ్మపసుపైంది. కుడిపక్క, సగం ఎత్తులో, గన్నేరు మచ్చ నారింజరంగులో లేచింది, అది లేవాల్సిందే. ఎడంపక్క ఏమీ లేదు, ఉండకూడదు. నడుమ ఏమీ లేదు. ఏమీ లేదు. అమ్మయ్య అన్న మాట నోట్లో సగం తిరిగింది. అప్పుడు నడుమ వరసలో, కుడిదానికి సరిగ్గా సమంగా, కందిగింజంత చోట పసుపు కొంచెం చిక్కబడింది. ఇంకొంచెం. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళు మూసి తెరిచాను. కందిగింజ నారింజ అయింది. కింద కారు హారను మోగింది.

అంబాసిడర్ వెనకసీటులో ఆవిడ తల నా ఒళ్ళో ఉంది. ముందుసీటులో ధర్మరాజు, సెలైను సీసా ఎత్తి పట్టుకుని. నేను ఇద్దరికీ చెప్పేశాను, కారెక్కకముందే, నర్సింగ్ హోం మెట్ల మీదే, కడగని సీసా సంగతి, అరగంట సంగతి కూడా. ధర్మరాజు విన్నాడు, తల ఊపాడు, భార్య కాళ్ళు కారులోకి సర్దాడు. అంబాజీపేట దాటాం. కొత్తపేటలో ఎడ్లబళ్ళు అడ్డమొస్తే డ్రైవరు హారను మీదనుంచి చెయ్యి తియ్యలేదు. నా వేళ్ళు ఆవిడ మణికట్టు మీద ఉన్నాయి, గడియారం చూస్తూ లెక్కపెడుతున్నాను, నలభై ఆరు, నలభై అయిదు, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య అంత ఖాళీ, ఆ ఖాళీలో కొబ్బరిచెట్లు వెనక్కి పోతున్నాయి, ఈసారి రాదేమో, వచ్చింది, ఈసారి రాదేమో. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన ఎక్కేటప్పుడు ఆవిడ కళ్ళు తెరిచింది. వరదనీరు ఎర్రగా పొంగుతోంది కింద, ఆవిడకి ఏ రంగులో కనబడిందో.

"నిన్న పొద్దున తాగినప్పుడే అనుకున్నానండి" అంది, గొంతు పీలగా. "నేల ఉసిరి చేదు నాకు తెలీదాండీ, పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ తాగుతున్నాను. ఇది వేరే చేదు. నాలిక మొద్దుబారింది. ఊసేద్దావనుకున్నాను."

"మరి ఎందుకు తాగారు?"

"మీరిచ్చేరు కదండీ."

అని కళ్ళు మూసుకుంది. నింద లేదు ఆ మాటలో, వెతికాను, ఉంటే పట్టుకుందామని. కాసేపటికి, నిద్రలో కదిలినట్టు, చెయ్యి నా వేళ్ళ కిందనుంచి మెల్లగా తీసుకుని పమిట కింద పెట్టుకుంది. మండపేట మీదుగా కాకినాడ చేరేదాకా నాకు లెక్కపెట్టడానికి ఏమీ లేకపోయింది.

ఆవిడ బతికింది. కాకినాడలో ఐదు రోజులున్నాం, గుండె గీతల యంత్రం పక్కన, రెండో రోజు నాడి ముప్పై ఎనిమిదికి పడిపోయింది, మూడో రోజు సాయంత్రానికి అరవై. కామెర్లు తమంతట తామే నెలకి తగ్గాయి. గోడల మాట వినగానే చెప్పి ఉంటే ముప్పై ఎనిమిది దాకా వెళ్ళేది కాదా అని నేను ఏ డాక్టరునీ అడగలేదు, అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు. జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి ఆనందరావుగారికి ఇచ్చాను. మూడు నెలలు సస్పెండ్ చేసి మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. పేపర్లో రెండు లైన్లు వచ్చాయి, అమ్మ గుడిలో ఎప్పుడూ కూచునే చోటే కూచుంది.

నేను పనిలోకి వచ్చేసరికి సత్యనారాయణమ్మ కూడా వస్తోంది, కాస్త చిక్కింది. నవ్వింది, బాగున్నారాండీ అని తనే ముందు పలకరించింది. లాబ్ ఊడవడానికి వచ్చినప్పుడు ఇంటినుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాను. రెండు చేతులతో అందుకుంది. "తర్వాత తాగుతానండీ" అని కిటికీలో పెట్టి చీపురు తీసుకుంది. సాయంత్రం తలుపు వెయ్యడానికి వెళితే గ్లాసు అలాగే ఉంది, పైన మీగడ కట్టి. మా అమ్మ దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసిన ఇళ్ళు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి, ఒకరి చేతిది ఇంకొకరు తాగకపోవడానికి ఏయే కారణాలుంటాయో నేను చిన్నప్పట్నించీ ఎరుగుదును. ఇది వాటిల్లోది కాదు. ఇది అచ్చంగా నేను సంపాదించుకున్నది.

మర్నాడు మళ్ళీ పోసి ఇచ్చాను. "తర్వాత తాగుతానండీ" అంది.